కారని రక్తనాళాలు

హైవే పక్కనున్న ఒక ఊరి పెద్దాసుపత్రిలో మార్తాండరావు అనే సర్జన్ ఉండేవాడు. హస్తవాసి మంచిదే గానీ, మెచ్చుకోలు కోసం మహా తొందర. రోగి పూర్తిగా కుదుటపడకముందే బయటికెళ్ళి "బతికించేశాను" అని చెప్పడం ఆయనకు సరదా.

ఒక మధ్యాహ్నం కొబ్బరికాయల లారీ బోల్తా పడింది. డ్రైవరు కాశింవలిని తెచ్చేసరికి నాడి అందడం లేదు. భార్య మస్తాన్‌బీ తలుపు దగ్గరే కూలబడింది.

"అయ్యా, ఆయన తప్ప నాకెవరూ లేరయ్యా!"

మార్తాండరావు ఆలస్యం చేయలేదు. రొమ్ము ఎముకను అడ్డంగా కోసి ఛాతీ తెరిచాడు. గుండెకు పడ్డ చిల్లు కుట్టాడు. ఆగిపోబోయిన గుండె మళ్ళీ కొట్టుకుంది. అబ్బ, ఏం పనితనమండీ అది! ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

"ఎక్కడా చుక్క రక్తం కారడం లేదు. మూసేద్దాం" అన్నాడు.

మత్తు డాక్టరు సుభాషిణికి గుబులు పుట్టింది. "ఆగండి సార్. బీపీ పాతాళంలో ఉంది. కారడానికి రక్తమేది? ఎముకతో పాటు దాని రెండు పక్కలా ఉన్న నాళాలూ తెగుంటాయి. వెతికి కట్టండి."

"తెగితే కారవా మేడమ్? నాకే నేర్పుతున్నారా?" అని ఛాతీ మూసేశాడు. బయటికెళ్ళి, "మీ ఆయన బతికాడమ్మా" అనేశాడు. మస్తాన్‌బీ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

లోపల రక్తం ఎక్కించేకొద్దీ బీపీ పెరిగింది. బీపీ పెరిగేకొద్దీ ఛాతీలో పెట్టిన గొట్టం ఎర్రబడింది, కింద సీసా నిండసాగింది. మోటారు కట్టేసినంతసేపూ పగిలిన పైపు కూడా బుద్ధిగానే ఉంటుంది మరి! చూస్తుండగానే బీపీ మళ్ళీ జారిపోయింది.

"సార్, త్వరగా రండి!" అని సుభాషిణి కేక పెట్టింది.

మార్తాండరావు వెనక్కి తిరిగాడు. పరుగెత్తుతుంటే మస్తాన్‌బీ అడ్డొచ్చింది.

"బతికాడన్నారు కదయ్యా? మళ్ళీ ఎందుకయ్యా ఈ పరుగు?"

ఆయన పక్కకు తప్పుకుని లోపలికి దూసుకెళ్ళాడు.

కుట్లు విప్పి చూస్తే ఎముక పక్కన రెండు నాళాలూ చిమ్ముతున్నాయి. వాటిని కట్టాడు. ఈసారి ఆయనే, "బీపీ ఎక్కనివ్వండి మేడమ్, చూశాకే మూస్తాను" అన్నాడు. అందరూ అక్కడే చూస్తూ నిలబడ్డారు. బీపీ ఎక్కింది. గాయం పొడిగానే ఉంది.

బయటికొచ్చి మస్తాన్‌బీ ఎదుట నిలబడ్డాడు. "ఇందాక తొందరపడి చెప్పాను, తప్పు నాదేనమ్మా. ఇప్పుడు రక్తం ఆగింది. కానీ రేపటిదాకా ఏ మాటా చెప్పలేను."

ఆమె ఈసారి దండం పెట్టలేదు. "అయితే మీరు ఆయన దగ్గరే ఉండండయ్యా" అంది.

ఆయన ఆ మంచం వదల్లేదు. మర్నాడు కాశింవలి కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు. అప్పుడుగానీ మార్తాండరావు ఆమెతో "బతికాడు" అనలేదు.

ఆపద అణిగినట్టు కనిపించగానే తీరిపోయిందని మురిసిపోకూడదు. మరోసారి నిలబడి చూసుకున్నాకే పని పూర్తయిందనాలి.