మూడు వార్డుల ముళ్ళ చట్టం

మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. మనుషులు గేటుకు తాళం వేసుకుని వెళ్ళిపోయాక జంతువులు ఒక్కొక్కటే వచ్చి చేరి దాన్ని పట్నం చేసుకున్నాయి. పట్నమన్నాక అన్నీ ఉండాలి కదా. కొన్నాళ్ళలోనే వార్డులు వచ్చాయి, అధ్యక్షుడు వచ్చాడు, ఆఫీసు వచ్చింది, ఆఫీసులో పని జరగకపోవడమూ వచ్చింది. గోడౌన్లున్న వైపు ఒక వార్డు, బాయిలరు వైపు ఒకటి, పాత క్వార్టర్లున్న కాలనీ ఒకటి. ఈ మూడూ కలిసే మూలన చెరకు బళ్ళు తూచే కాటా ఉంది. ఆ కాటా ఇనుప పలక కింది గోతిలో రాఘవమ్మ అనే ముళ్ళపంది ఉండేది.

ఆమె ఆ పట్నంలో పుట్టింది కాదు. కొండ మీద క్వారీ పేలుళ్ళు మొదలై బొరియ కూలిపోతే కిందికి దిగి వచ్చింది. ముళ్ళు చూసి ఎవరూ చోటివ్వలేదు. తారమ్మ అనే కోడి మాత్రం, "మా గది ముందు గొయ్యి ఖాళీగానే ఉంది, వచ్చెయ్యి వదినా" అంది. అప్పటినుంచీ ఇద్దరూ వదినలే.

తారమ్మ ఉండేది కాటా గుమాస్తా కూర్చునే పాత గదిలో. ఆ గదికి తలుపు లేదు. ఆ గదిలోకి పోవాలంటే రాఘవమ్మ గొయ్యి దాటి పోవాలి. ఇప్పుడు తారమ్మ పదకొండు గుడ్లు పొదుగుతోంది. ఆ గుడ్లకు తలుపంటూ ఉంటే అది రాఘవమ్మ ముళ్ళే. ఈ సంగతి ఆ ఇద్దరికీ తెలుసు. ఇద్దరికంటే బాగా ఆఫీసులో కాగితాలు చూసే పేష్కారు నక్కకు తెలుసు.

ఒక ఉదయం నక్క చంకలో కాగితాలు పెట్టుకుని కాటా దగ్గరికి వచ్చాడు.

"రాఘవమ్మ గారూ, కులాసాయేనా? మీ మీద మూడు ఫిర్యాదులొచ్చాయమ్మా."

"మూడా! నేనెవరి జోలికీ పోలేదే."

"జోలికి పోనక్కర్లేదు. మీ దగ్గర ఆయుధాలున్నాయి, చాలు. కొమ్ము, కోర, ముల్లు, కొండి, గాయం చేయగలిగినదేదైనా ఈ పట్నంలో ఆయుధమే. గోడౌన్ వార్డులో ఆయుధం పైకి కనబడాలి, దాచితే నేరం. మొన్న మీరు గోనె కప్పుకుని అటు వెళ్ళారు."

"చలేసిందయ్యా."

"చలికి చట్టంలో చోటు లేదు. బాయిలర్ వార్డులో ఆయుధం కనబడకూడదు. మీరు ఎండెక్కిందని గోనె తీసేసి అటు తిరిగారు."

"మూడోది?"

"కాలనీలో ఆయుధం ఇంట్లో ఉంచుకోవచ్చు, గడప దాటించకూడదు. మీరు దాటించారు."

"నా ముళ్ళు ఇంట్లో పెట్టి నేనెలా బయటికొస్తాను?"

"అది నా శాఖ కాదమ్మా."

"పోనీ, నా గొయ్యి ఏ వార్డులో ఉందో చెప్పండి. ఆ వార్డు రూలే పాటిస్తాను."

నక్క కాగితం తిప్పి చూశాడు. "మీరు పడుకుంటే తల గోడౌన్ వార్డులో, నడుము బాయిలర్ వార్డులో, తోక కాలనీలో పడుతున్నాయి. తోకకే ముళ్ళెక్కువ కాబట్టి కాలనీ కేసు కాస్త గట్టిది."

ఇది నవ్వులాట అనుకోకండి. మా వీధికి ఒక పక్క పంచాయతీ, ఇంకో పక్క మునిసిపాలిటీ. మధ్యలో కుళాయి. అది పాడైతే ఈ పక్కవాళ్ళు ఆ పక్కకి, ఆ పక్కవాళ్ళు ఈ పక్కకి పంపేవారు. మేము మూడేళ్ళు బావి నీళ్ళు తాగాం. కాలేజీలో మాకు పౌరశాస్త్రం చెప్పిన మాస్టారు, చట్టం తెలియదంటే ఎవరూ ఒప్పుకోరని బల్ల గుద్ది చెప్పేవారు. అది తెలుసుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. రాఘవమ్మ అడిగింది.

"ఆ చట్టం పుస్తకం ఒకసారి చూపిస్తారా?"

"పుస్తకం బైండింగుకి వెళ్ళింది."

"ఎప్పుడొస్తుంది?"

"వెళ్ళి నాలుగేళ్ళేగా అయింది, వస్తుంది." నక్క గొంతు తగ్గించాడు. "ఇంత గొడవ దేనికమ్మా? వచ్చేవారం అధ్యక్ష ఎన్నికలు. ఎన్నికలప్పుడు ఆయుధాలు ఆఫీసులో అప్పగించడం మామూలే. మీవీ అప్పగించండి, రసీదిస్తాను, ఈ మూడు ఫిర్యాదులూ చింపేస్తాను. రేపు మధ్యాహ్నం దాకా గడువు. లేదంటే పట్నం విడిచి పోవాల్సి ఉంటుంది."

మాట్లాడుతున్నంతసేపూ అతని చూపు రాఘవమ్మ మీద లేదు. ఆమె భుజం మీదుగా, తలుపు లేని గది మీద ఉంది.

నక్క వెళ్ళగానే తారమ్మ గుమ్మంలోకి తల పెట్టింది.

"అంతా విన్నాను వదినా. రేపే గుడ్లు పగిలేది, లోపల టకటకమంటున్నాయి. మా గొడవలో నువ్వు చిక్కుకోకు. కొండ అవతలికి వెళ్ళిపో."

"నోరు మూసుకుని గుడ్ల మీద కూర్చో. ఒకసారి ఇల్లు వదిలి వచ్చాను, ఇంకోసారి వదలను. నేను తప్పు చేస్తే ఏ తప్పో నాకు చూపించాలి. చూపించకుండా దణ్ణం పెట్టమంటే పెట్టను."

రాఘవమ్మ వీరన్న దగ్గరికి బయల్దేరింది. వీరన్న ఎద్దు. నీళ్ళ పీపా లాగుతూ రోజూ మూడు వార్డులూ తిరుగుతాడు. ఎన్నికలకు ఆయుధాలు అప్పగించినవాడు పట్నంలో అతనొక్కడే. తల మీద కొమ్ములుండాల్సిన చోట రెండు మొద్దులున్నాయి.

"అన్నా, నీ కొమ్ములు పోయిన ఎన్నికల్లోనే కదూ ఇచ్చావు?"

"అవును చెల్లెమ్మా. రంపం పెట్టి కోశారు. రసీదిచ్చారు."

"తిరిగివ్వలేదా?"

"వెళ్ళినప్పుడల్లా రేపు రమ్మంటాడు పేష్కారు గారు. రేపు వెళ్తాను."

"ఎన్నాళ్ళనుంచి వెళ్తున్నావు?"

"ఎన్నికలైన మర్నాటినుంచి." ఆ మాటలో కోపం లేదు. రాఘవమ్మకే వీపు మీద ముళ్ళు లేచి నిలబడ్డాయి.

"ఆ రసీదు ఒకసారి చూపించు."

మెడలో గంట తాడుకి మడిచి కట్టుకున్న కాగితాన్ని వీరన్న జాగ్రత్తగా విప్పి ఇచ్చాడు. ముందువైపు అతని పేరు, తేదీ, 'కొమ్ములు రెండు' అని ఉంది. రాఘవమ్మ కాగితం తిప్పింది. వెనకాల చీమ తలకాయలంత అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి.

"వెనక కూడా ఉంటుందా?" అన్నాడు వీరన్న ఆశ్చర్యంగా.

రాఘవమ్మ ఒక్కో పంక్తి కింద గోరు పెట్టి చదివింది. రెండోసారి చదివింది. మూడోసారి చదివి, ఆ రోజులో మొదటిసారి నవ్వింది. "రేపు మధ్యాహ్నం పీపా కాటా దగ్గర ఆపు అన్నా. నీతో పనుంది."

మర్నాడు గడువు దాటింది. రాఘవమ్మ ఆఫీసుకి రాకపోయేసరికి నక్క తనే వచ్చాడు, ఖాళీ సంచి ఊపుకుంటూ. గదిలో ఒక గుడ్డు చిట్లిన చప్పుడైంది. నక్క చెవులు నిక్కపొడుచుకున్నాయి.

"ఏమ్మా, అప్పగించనంటారా?"

"ఎవరన్నారు? తప్పకుండా అప్పగిస్తాను. రూలు ప్రకారం అప్పగిస్తాను." రాఘవమ్మ వీరన్న రసీదు తీసి వెనకవైపు పైకి పెట్టింది. "చిత్తగించండి. 'ఆయుధాన్ని కదిలించే వీలు లేని చోట, పుచ్చుకునే అధికారి తానే అక్కడికి రావాలి.' కప్పుకుని వస్తే గోడౌన్ వాళ్ళు పట్టుకుంటారు, కప్పకుండా వస్తే బాయిలర్ వాళ్ళు, అసలు గడప దాటితే కాలనీ వాళ్ళు. మీరు చెప్పిందే కదా. అందుకే కదల్లేదు. మీరే వచ్చారు, సంతోషం."

"సరే, సరే. ఇలా తెండి."

"ఇంకో పంక్తి ఉందండీ. 'పనిచేస్తున్నదీ లేనిదీ ఇద్దరు సాక్షుల ఎదుట అధికారి స్వయంగా పరీక్షించి రసీదు మీద రాయాలి.' సాక్షులు సిద్ధం. మా వదిన, మా అన్న."

నక్క నవ్వబోయాడు. "పనిచేస్తాయని నేను రాసేస్తాలే."

"పరీక్షించకుండా రాస్తారా? ప్రభుత్వ కాగితం మీద అబద్ధమా!"

వీరన్న మెల్లగా నోరు విప్పాడు. "నా కొమ్ములు పరీక్షించలేదు సుమండీ. అంటే నా రసీదు చెల్లదంటారా? అధ్యక్షుల వారిని అడగమంటారా?"

లోపల రెండో గుడ్డు చిట్లింది. సన్నటి కూత వినిపించింది. నక్క నోట్లో నీళ్ళూరాయి. ఎంత త్వరగా ఈ ముళ్ళు ఒలిస్తే అంత త్వరగా ఆ గదిలోకి పోవచ్చు. ఆ ఆత్రంలో ముందుకు వంగాడు. "కానివ్వండమ్మా, కానివ్వండి. ఏదీ?" అంటూ మూతి ముందుకు పెట్టాడు. చూపు మాత్రం గది గుమ్మం మీదే ఉంది.

రాఘవమ్మ వెనక్కి తిరిగింది. తోక ఒకసారి గలగలమంది. ఒకే ఒక్క అడుగు వెనక్కి వేసింది.

నక్క పెట్టిన కేకకి గోడౌన్ రేకుల మీద పావురాలన్నీ లేచిపోయాయి. మూతి నిండా ముళ్ళు, పైన కొన్ని, కింద కొన్ని.

"పనిచేస్తున్నవి అని రాసుకోండి" అంది రాఘవమ్మ.

నక్క రాయలేదు. బాయిలర్ వార్డు వైపు పరుగెత్తాడు. అక్కడ కాపలా కుక్క అడ్డం నిలబడింది.

"ఆగు. ఆయుధాలు బయటికి కనబడుతున్నాయి."

"ఒరేయ్, నేను పేష్కారునిరా! ఇవి నావి కావు!"

"అయితే మరీ మంచిది, ఇంకోళ్ళ ఆయుధాలు. నడు వెనక్కి."

నక్క చేతిలోని సంచి ముఖానికి చుట్టుకుని గోడౌన్ వైపు తిరిగాడు. అక్కడి కుక్క సంచి పట్టుకుని లాగింది. "దాచిన ఆయుధం. ఇంతకంటే పెద్ద నేరం మా వార్డులో లేదు. నువ్వే కదా మాకు నేర్పింది?"

ఇక మిగిలింది కాలనీ. నక్క ఇల్లు అక్కడే. అక్కడి కుక్క ముసలిది, నెమ్మదస్తురాలు. "ఆయుధంతో గడప దాటి బయట తిరుగుతున్నావు నాయనా."

"ఇంటికే పోతున్నానమ్మా!"

"బయటికొచ్చినవాడే కదా ఇంటికి పోయేది. తప్పు అప్పుడే జరిగిపోయింది."

మూడు వైపులా తిరిగి తిరిగి నక్క మళ్ళీ కాటా పలక మీదికే వచ్చి కూలబడ్డాడు. మూతి గుమ్మడికాయలా వాచింది. మూడు కుక్కలూ మూడు వార్డుల సరిహద్దు గీతల మీద కూర్చున్నాయి.

"తల్లీ రాఘవమ్మా, వీటిని లాగెయ్యి."

"ఎలా లాగను? నా ముళ్ళు నా గడప దాటి మీ మూతి మీదున్నాయి. ముట్టుకుంటే నేను ముద్దాయిని. ముందు చట్టం ఏమిటో తేలాలి. పుస్తకం ఎక్కడ?"

నక్కకు నొప్పి ఎక్కువైంది. "మా ఇంట్లో... తలకింద పెట్టుకుంటున్నా."

"వీరన్న కొమ్ములు?"

"గోడకున్నాయి. చొక్కాలు తగిలించుకోవడానికి."

కాలనీ కుక్క వెళ్ళి పుస్తకమూ కొమ్ములూ తెచ్చి పలక మీద పెట్టింది. రాఘవమ్మ పుస్తకం తెరిచి అందరికీ వినబడేలా చదివింది. ఆయుధాల మీద ఉన్నది ఒకే పేజీ. మనుషులు పారేసిపోయిన కత్తులూ కొడవళ్ళూ దొరికినవాళ్ళు ఎన్నికలప్పుడు అప్పగించాలి. పుట్టుకతో ఒంటికి ఉన్నవి ఎవరూ అప్పగించనక్కర్లేదు, కప్పనక్కర్లేదు, చూపనక్కర్లేదు. వాటితో ఎవరి మీదికైనా ఊరికే పోతేనే నేరం. మూడు వార్డుల రూళ్ళలో ఒక్కటీ ఆ పుస్తకంలో లేదు. రూలేమిటని మూడు వార్డులవాళ్ళూ విడివిడిగా ఆఫీసుకి వచ్చి అడిగితే, నక్క ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పి పంపాడు. ముగ్గురూ ఒకరినొకరు అడగలేదు.

కుక్కలు మూడూ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

వీరన్న కొమ్ములను మూతితో తడిమాడు. "తిరిగి మొలవవు కదా చెల్లెమ్మా?"

"మొలవవన్నా."

"పోనీలే. అయితే రేపు ఆఫీసుకి వెళ్ళే పని లేదన్నమాట." అని తలెత్తి నక్క వైపు చూశాడు. అంత పెద్ద ఎద్దు కళ్ళు ఎర్రబడితే ఎలా ఉంటుందో ఆ పట్నం అంతవరకూ చూడలేదు. కొమ్ముల్లేని తలతోనే ఒక్క అడుగు ముందుకు వేశాడు. నక్క పలక అంచుదాకా జరిగిపోయాడు.

"ఆగన్నా. ముందు రాయనీ" అంది రాఘవమ్మ. ఆ ఒక్క పేజీనీ నక్క చేత పెద్ద అక్షరాలతో రాయించి కాటా స్తంభానికి అంటించింది. కింద రాజీనామా కూడా రాయించింది. వెనకవైపు ఏమీ రాయలేదని సాక్షులిద్దరూ తిప్పి చూశాక, అప్పుడు ముళ్ళు లాగడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే లాగింది. తొందరేమీ పడలేదు.

ఎన్నికల రోజున వీరన్న మెడలో గంట పక్కన రెండు కొమ్ములూ కట్టుకుని ఓటుకి వెళ్ళాడు. రాఘవమ్మ గోనె లేకుండా మూడు వార్డుల మధ్య నుంచీ నడిచింది. వెనకాల తారమ్మ, ఆమె వెనకాల పదకొండు పిల్లలు. ఏ కుక్కా ఆపలేదు.

నీతి: మనల్ని బెదిరించడానికి ఎవరైనా కాగితం ఊపితే, దాన్ని చేతిలోకి తీసుకుని వెనకవైపు కూడా చదవాలి.