ఎత్తులరాయుడి చెవులు

అనగనగా ఒక అడవి. అడవంటే పులులూ ఏనుగులూ తిరిగే పెద్ద అడవి అనుకునేరు. గట్టిగా దగ్గితే అవతలి చివర వినపడేంత చిట్టడవి. అందులో ఎక్కువగా కుందేళ్లు ఉండేవి. ఆ కుందేళ్లకి ఒక దేవుడు ఉండేవాడు. ఆయన పేరు ఎత్తులరాయుడు. యుద్ధాలకీ, యుద్ధంలో వేసే ఎత్తులకీ ఆయనే దేవుడు.

నవ్వకండి. కుందేళ్లకి యుద్ధాల దేవుడేమిటని ఆ అడవిలో ఉడుతలు కూడా నవ్వేవి. కానీ మీరే ఆలోచించండి. పులికి ఆ దేవుడితో పనేముంది? దానికి పంజా ఉంది. పంజా లేనివాళ్లకే కదా పాపం దేవుడు కావాల్సింది.

ఈ రాయుడు రాతిబొమ్మ కాదు. నిజంగానే ఉండేవాడు. ఎలుగుబంటి లాంటి ఒళ్లు, ఆరు చేతులు, మెలితిప్పిన మీసం. అడవి నడుమ ఒక పెద్ద బండ మీద కూర్చునేవాడు. ఆ బండ వెనకే ఆయన గుహ. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో గద, ఒక చేతిలో డాలు, ఇంకో చేతిలో శంఖం, మరో చేతిలో విల్లు. ఆరో చేతిలో మాత్రం ఎప్పుడూ తినేది ఏదో ఒకటి ఉండేది. ఆయన కత్తి తిప్పగా ఏ కుందేలూ చూడలేదు. తినగా మాత్రం అందరూ చూశారు.

రాయుడి భక్తులకి ఒక ఆచారం ఉండేది. దాన్ని విన్నపం అనేవాళ్లు. గుంటనక్కలు దాడికి వస్తున్నాయని తెలియగానే కుందేళ్లన్నీ బండ ముందు చేరాలి. ఈసారి ఏ ఎత్తు వేస్తున్నారో, ఎవర్ని ఎక్కడ దాస్తున్నారో, ఎవరు ఏ పొద వెనక కాపు కాస్తారో, అంతా స్వామికి చెప్పుకోవాలి. స్వామికి చెవుడని తాతల నాటి నుంచీ నమ్మకం. కాబట్టి గొంతు చించుకుని అరవాలి. ఒక్క ముక్క దాచినా మహాపాపం.

ఇంకో ఆచారం కూడా ఉండేది. బండ ముందు ఎవరూ ఎవర్నీ వేటాడకూడదు, ఎవరూ ఎవర్నీ వెళ్లగొట్టకూడదు. భక్తుడన్నాక ఎవరైనా భక్తుడే. అందుకని విన్నపం జరిగిన ప్రతిసారీ ముందు వరసలో ఎవరు కూర్చునేవారో తెలుసా? గుంటనక్కలు! కళ్లు మూసుకుని, తోకలు ఒళ్లో పెట్టుకుని, మహా భక్తిగా కూర్చునేవి. కుందేళ్లు వాటికి ప్రసాదం కూడా పెట్టేవి.

మీకు సంగతి అర్థమైపోయింది కదా? కుందేళ్లకి మాత్రం కాలేదు.

ఆ కుందేళ్లలో దూదమ్మ అని ఒక తల్లి ఉండేది. నలుగురు పిల్లలు. ఇంకా కళ్లు సరిగ్గా తెరవని పసిగుడ్లు. అడవి మొత్తంలో పెద్ద గొంతు దూదమ్మదే కాబట్టి విన్నపం అరిచే పని ఆమెకే అప్పగించారు. ఏం అరవాలో పక్కనుంచి అందించేది పూజారి మీసాలయ్య. ఆయన ముసలి కుందేలు. తెలియని విషయం లేదన్నట్టు తల ఆడిస్తూ ఉండేవాడు.

ఆ ఏడాది మొదటి దాడికి ముందు దూదమ్మ ఇలా అరిచింది.

"స్వామీ! ముసలివాళ్లని తంగేడు పొదల్లో దాస్తున్నాం! వయసులో ఉన్నవాళ్లం వాగు దగ్గర కాపు కాస్తున్నాం!"

తెల్లారింది. నక్కలు వాగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా తంగేడు పొదల్లోకి వెళ్లాయి. కొందరు ముసలివాళ్లు మళ్లీ కనపడలేదు. కుందేళ్లన్నీ గొల్లుమన్నాయి.

మీసాలయ్య తల ఆడించాడు. "అరుపు చాల్లేదర్రా. స్వామికి సగమే వినపడి ఉంటుంది. తంగేడు అన్న దగ్గర ఎవరో తుమ్మారు" అన్నాడు.

రెండోసారి ఎవరూ తుమ్మకుండా జాగ్రత్తపడ్డారు. బోలు దుంగ ఒకటి తెచ్చి దబదబ బాదారు. దూదమ్మ అరిచిన ప్రతి మాటనీ మిగతావాళ్లంతా కలిసి మళ్లీ అరిచారు.

"స్వామీ! ఈసారి అందరం దిబ్బ వెనక ఉంటాం! మా చెల్లెలు పత్తెమ్మ ఒక్కతే మోదుగ చెట్టు కింద కాపలా ఉంటుంది!"

ఆ మాట అంటున్నప్పుడే దూదమ్మకి ఒకటి కనపడింది. ముందు వరసలో నక్కల పెద్ద శాంతయ్య కూర్చుని ఉన్నాడు. వాడి పేరే శాంతయ్య, బుద్ధి కాదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కానీ 'మోదుగ చెట్టు' అనగానే వాడి కుడి చెవి టక్కున ఆ చెట్టు వైపు తిరిగింది. భక్తి ఎక్కువై తిరిగిందేమో అనుకుంది దూదమ్మ.

మర్నాడు మోదుగ చెట్టు కింద పత్తెమ్మ లేదు. కాసిని తెల్లటి వెంట్రుకలు ఉన్నాయి, అంతే. దూదమ్మ వాటి మీద పడి ఏడ్చింది. చెల్లెలు ఎక్కడుందో నక్కకి చెప్పింది ఎవరో కాదు, తనే. తన నోటితో, అడవంతా దద్దరిల్లేలా తనే చెప్పింది. ఆ బాధ ఆమె గుండెల్లో ముల్లులా దిగిపోయింది.

ఏడుపు ఆపుకుని పూజారి దగ్గరికి పరుగెత్తింది.

"బాబాయ్, నక్కలు మన విన్నపం వింటున్నాయి. శాంతయ్య చెవి తిరగడం నా కళ్లారా చూశాను."

"తప్పు తప్పు! చెంపలేసుకో" అన్నాడు మీసాలయ్య. "భక్తుణ్ణి అనుమానిస్తావా? శాంతయ్య గారి నిష్ఠ చూడు. పూజంతా అయ్యేదాకా కళ్లు కూడా తెరవడు. లోపం మన భక్తిలో ఉందే అమ్మాయ్. మూడోసారి ఇంకా గట్టిగా అరుద్దాం."

"మూడోసారి ఎత్తేమిటి?"

"పిల్లల్నందర్నీ ఒక్కచోట చేర్చి రేగు పొద కింద దాస్తాం. రేపు విన్నపంలో అదే అరవాలి నువ్వు."

పిల్లలందరూ అంటే దూదమ్మ నలుగురూ అందులోనే కదా!

ఇక పూజారితో లాభం లేదని ఆమె నేరుగా రాయుడి దగ్గరికే వెళ్లింది. మిట్టమధ్యాహ్నం. స్వామి బండ మీద కూర్చుని సీతాఫలం తింటున్నాడు. గింజలు తుపుక్కు తుపుక్కుమని ఉమ్ముతున్నాడు. దూదమ్మ దణ్ణం పెట్టి, గొంతు సవరించుకుని, ఎలా అరవాలా అని ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆమెకి ఒళ్లు మండింది.

"ఈయన చెవుడు తగలెయ్య" అని గొణుక్కుంది. పెదవి దాటీ దాటని గొణుగుడు.

"ఎవర్నే తగలెయ్యమంటున్నావు?" అన్నాడు రాయుడు.

దూదమ్మ నోరు తెరిచేసింది. "మీకు వినపడుతుందా స్వామీ?"

"నాకేం రోగం? ఆకు రాలితే వినపడుతుంది."

"మరి మా విన్నపాలు?"

"అబ్బ, ఆ గోల గురించి చెప్పకు!" రాయుడు ముఖం చిట్లించాడు. "మీరు మొదలుపెట్టగానే రెండు వేళ్లు రెండు చెవుల్లో దూర్చుకుంటాను. మిగిలిన నాలుగు చేతులూ ఊపుతాను. దీవిస్తున్నానని మీరే అనుకుంటారు."

"మా చెల్లెలు పోయింది స్వామీ."

"అలాగా? ఎక్కడికి పోయింది?" అని ఇంకో సీతాఫలం విప్పాడు రాయుడు.

దూదమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఒక అడుగు ముందుకేసి అంది. "నక్కలు తిన్నాయి. ఎల్లుండి మా పిల్లల మీదికి వస్తాయి. మీరు ఒక్కసారి లేచి నిలబడితే చాలు, అవి పారిపోతాయి."

"చూడు తల్లీ, నేను ఎత్తుల దేవుణ్ణి. కాపలా కాయడం నా పని కాదు. ఆ దేవుడు వేరే. నీకు పుణ్యం ఉంటుంది, రేపు పళ్లు బాగా మగ్గినవి తెమ్మని మీ పూజారికి చెప్పు" అన్నాడు రాయుడు.

దూదమ్మ ఇంటి దారి పట్టింది. దారి పొడుగునా ఆలోచించింది. నిజం అరిస్తే పిల్లలు పోతారు. అబద్ధం అరిస్తే పాపం. స్వామికి అబద్ధం చెప్పిన కుందేలు ఏడు జన్మలు తాబేలుగా పుడుతుందని మీసాలయ్య ఎప్పుడూ చెబుతుండేవాడు. కుందేలుకి అంతకంటే ఘోరమైన శాపం ఇంకోటి లేదు. ఇంటికొచ్చి చూస్తే నలుగురు పిల్లలూ ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

"ఏడు జన్మలు కాదు, డెబ్భై జన్మలు పాకుతాను. మీరు బతికుంటే చాలు" అనుకుంది.

ఆ సాయంత్రం మేతకి వెళ్లినప్పుడు తల్లులందరి చెవుల్లోనూ ఒక్కొక్కరికీ గుసగుసగా ఒక మాట చెప్పింది. మీసాలయ్యకి మాత్రం చెప్పలేదు. ఆయనకి చెబితే రాయుడికి చెప్పినట్టే. రాయుడికి చెబితే నక్కలకి చెప్పినట్టే.

మూడో విన్నపం మొదలైంది. దుంగలు మోగాయి. నక్కలు ప్రసాదం తిని మూతులు తుడుచుకుని కళ్లు మూసుకున్నాయి. రాయుడు రెండు వేళ్లు చెవుల్లో దూర్చుకున్నాడు.

"రేగు పొద కింద దాస్తున్నాం అను" అని అందించాడు మీసాలయ్య.

దూదమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చి అరిచింది. "స్వామీ! పిల్లల్నందర్నీ మీ గుహలో దాస్తున్నాం! ఈ బండ వెనకే! కాపలా ఎవరూ లేరు!"

మీసాలయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. "ఒసేవ్, రేగు పొదే! రేగు పొద!"

"మీ గుహలోనే స్వామీ!" అని ఇంకా గట్టిగా అరిచింది దూదమ్మ. తల్లులందరూ ఆమెతో గొంతు కలిపారు. శాంతయ్య కుడి చెవి మెల్లగా గుహ వైపు తిరిగింది. వాడు గుటక వేశాడు.

రాయుడు నాలుగు చేతులూ ఊపుతూ చిరునవ్వు నవ్వాడు. "తథాస్తు" అన్నాడు.

మర్నాడు నక్కలు బయలుదేరాయి. ఒక నక్కకి కాస్త బెరుకు వేసింది. "స్వామి దగ్గర వేటాడకూడదు కదా పెద్దయ్యా?" అంది.

"బండ ముందు కూడదన్నారు. గుహ బండ వెనక ఉంది" అన్నాడు శాంతయ్య. వాడి దగ్గర అన్నిటికీ జవాబు ఉండేది.

అప్పుడు రాయుడు కడుపునిండా తిని గుహలో గుర్రుపెడుతున్నాడు. లోపల చీకటి. మెత్తగా, బొచ్చుగా, బొద్దుగా ఏదో తగిలింది శాంతయ్యకి. కుందేలు పిల్లే, బాగా బలిసింది అనుకుని కసుక్కున కొరికాడు. అది రాయుడి పిక్క.

రాయుడు "అమ్మోయ్!" అని లేచాడు. యుద్ధాల దేవుడికి మొదటిసారి యుద్ధం వచ్చిపడింది. ఆరు చేతుల్లో ఏ చేతికి ఏ పని చెప్పాలో తెలియలేదు. కత్తి పోయి సొంత డాలుకి తగిలింది. గద సొంత పాదం మీద పడింది. శంఖం ఊదబోయి విల్లు తాడు కొరికాడు. నక్కలు వీపు మీదా, మెడ మీదా, చెవుల మీదా పడి పీకుతున్నాయి. చివరికి కాలు జారి ధబేలున కూలబడ్డాడు. ఎక్కడ కూలబడ్డాడంటే, శాంతయ్య మీద. కూర్చోవడం మాత్రం రాయుడికి బాగా వచ్చిన విద్య. ఇక లేవలేదు.

అది చూసి మిగతా నక్కలు కాళ్లకి బుద్ధి చెప్పాయి. చాలాసేపటికి శాంతయ్య కూడా ఎలాగో బయటపడి, అప్పడంలా చదునుగా అడవి దాటి పోయాడు. ఆ నక్కలు మళ్లీ ఆ చుట్టుపక్కల కనపడితే ఒట్టు.

ఇంత జరుగుతుంటే కుందేళ్లు ఎక్కడున్నాయి? ఎవరి బొరియల్లో వాళ్లు, నోళ్లు మూసుకుని ఉన్నారు. దూదమ్మ చెప్పిన గుసగుస అదే. దూదమ్మ నలుగురు పిల్లల మీదా పడుకుని ఆ చప్పుళ్లన్నీ వింది. అన్నీ ఆగాక మూతితో తడుముకుని చూసుకుంది. నలుగురూ ఉన్నారు.

కాసేపటికి నేల అదిరింది. రాయుడు కుంటుకుంటూ వచ్చి బొరియ ముందు నిలబడ్డాడు. మీసం ఒకవైపు ఊడిపోయింది. దూదమ్మకి తాబేలు జన్మ ఇప్పుడే వచ్చేస్తుందని కుందేళ్లన్నీ కళ్లు మూసుకున్నాయి. మీసాలయ్య అలవాటు కొద్దీ "స్వామీ! నాకేం తెలియదు స్వామీ!" అని అరవబోయాడు. పక్కనున్న తల్లి ఒకామె ఆయన నోరు మూసేసింది.

"నా కింద నలిగిన శాంతయ్య అంతా చెప్పాడు. నాకు అబద్ధం చెప్పావా?" అన్నాడు రాయుడు.

దూదమ్మ బయటికి వచ్చి నిలబడింది. "చెప్పాను స్వామీ."

"దేవుడికి! మొహం మీదే!"

"మీరు వింటారనుకోలేదు స్వామీ."

రాయుడు ఖాళీగా ఉన్న చేతులన్నిటితోనూ తల గోక్కున్నాడు. ఆయనకి సిగ్గు వేసింది. దేవుళ్లకి సిగ్గు వేయడం చాలా అరుదు పిల్లలూ, అందుకని ఆయనకి అదేమిటో తెలియడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత కత్తీ గదా పక్కన పడేసి, బొరియ ముందు మట్టిలో మెల్లగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు. "అరవక్కర్లేదు. మీ చెల్లెలి పేరేమిటమ్మా?"

"పత్తెమ్మ" అంది దూదమ్మ, పెదవి దాటీ దాటకుండా.

రాయుడు వంగి, చెవి ఆమె దగ్గరికి తెచ్చి పెట్టాడు.

నీతి: మన ఎత్తు మన నోట్లోనే ఉండాలి. అరిచి చెబితే దేవుడు వింటాడో లేదో గానీ, నక్క తప్పకుండా వింటుంది.