గేటుగేటుకీ ఆగే కుంపటి

ఊఁ కొడుతూ వినండి. మధ్యలో కోపం వస్తే తప్పు నాది కాదు.

ఎప్పటి మాటో, ఒక నగరంలో హబ్షీల గల్లీ ఉండేది. గుర్రాలెక్కి కాపలా కాయడానికని ఒక రాజు ఆఫ్రికా నుంచి తెప్పించుకున్న నల్లవాళ్ళ సంతతిది ఆ గల్లీ. రాజు పోయాడు, గుర్రాలు పోయాయి, గల్లీ మిగిలింది.

అక్కడ మర్జానా బీ అనే ముసలామె. పెళ్ళి ఊరేగింపులో మగవాళ్ళు మర్ఫా డోళ్ళు వాయిస్తుంటే, ఆమె నిప్పుల కుంపటి పట్టుకుని వెనక నడిచేది. తోలు చల్లబడితే డోలు పలకదు. అందుకే ప్రతి గడప దగ్గరా అరిచేది. "తోలు సల్లవడ్డది, ఆగుండ్రి!" డోలు కాగేలోపు ఆ ఇంట్లో పుట్టి పోయినవాళ్ళ పేర్లన్నీ ఎలుగెత్తి పిలిచేది. చదువు రాదు. ఏడు తరాల పేర్లూ నోటికొచ్చు.

తర్వాత డబ్బున్నవాళ్ళ కన్ను గల్లీ మీద పడింది. మొదట పేరు మార్చి పూలతోట కాలనీ అన్నారు. ఒక్క పువ్వుంటే ఒట్టు! తర్వాత అరుగులు పగలగొట్టారు. ఆ తర్వాత ఇళ్ళే కూల్చి మేడలు లేపారు. పైగా ఏడు తరాలవాళ్ళని పట్టుకుని "మీది ఏ దేశం?" అని అడిగారు. సిగ్గుండాలి!

మర్జానా బీ మనవడి పెళ్ళి వచ్చింది.

"మనోళ్ళ ఇండ్లు మూడే మిగిలినయి దాదీమా, ఆడనే ఆగుదాం" అన్నాడు డోళ్ళ పెద్ద జౌహర్.

ఆమెకు ఒళ్ళు మండింది. "గడప కూలగొడితే మనుషులు పుట్టనట్టేనా?"

ఊరేగింపు కదిలింది. మేడల మొదటి గేటు. "తోలు సల్లవడ్డది, ఆగుండ్రి!" కాపలావాడు కసిరాడు. ఆమె పేర్లు పిలిచింది. రెండో గేటు. "తోలు సల్లవడ్డది, ఆగుండ్రి!" పైనుంచి ఎవరో నీళ్ళు గుమ్మరించారు. సగం నిప్పులు ఆరాయి. అయినా పిలిచింది. మూడో గేటు ఆమె పుట్టిన ఇంటి చోట ఉంది.

మేడ యజమాని దిగొచ్చాడు. "ఇది నా ఇల్లు. ఇక్కడ మీకేం పని?"

"నీదే బిడ్డా. మా అమ్మ నన్ను కన్న జాగ ఏడున్నదో సూపెట్టు, పోత."

ఆయన వెనక్కి తిరిగి మేడకేసి చూశాడు. ఆమె తల్లి పేరు పిలిచింది. డోళ్ళు గేటు అదిరేలా మోగాయి.

ఆ ఏడే ఆమె పోయింది. మిగిలిన మూడిళ్ళూ పోయాయి. ఇప్పుడు డోళ్ళకి ప్లాస్టిక్ తోలు, కాచే పనే లేదు. అయినా ఆ గల్లీవాళ్ళని ఏ మూలకి తరిమేసినా పెళ్ళి ఊరేగింపు ఆ పాత గల్లీకే తెస్తారు. ఒక ఆడపిల్ల నిప్పుల కుంపటితో ప్రతి గేటు ముందూ ఆపుతుంది. వెనక కార్లు హారన్లు కొడితే కొట్టుకోనీ. పేర్లన్నీ పిలిచి, చివర మర్జానా బీ అని అరిచేదాకా పెళ్ళికొడుకు గుర్రం అడుగు ముందుకు వెయ్యదు.