కాకి ముట్టని ముద్ద

సుదర్శనానికి నవ్వు ఆగడం లేదు. నెయ్యి కోసం లంబాడీ తండాకు వెళ్లి వచ్చిన దగ్గర్నుంచీ అదే వరస.

"మనకు కట్టెలు తెచ్చే జామ్లీబాయి తమ్ముడు ఏడాది తరవాత వచ్చాడు స్వామీ. సంతోషించాలి కదా? వాడి మెడ పట్టుకుని రాగం తీసి ఏడ్చింది! అది వాళ్ల ఆచారమట! ఎప్పుడో పోయిన వాళ్లమ్మను కూడా పాటలోకి లాగిందట. పాడితే పాడాలి, ఏడిస్తే ఏడవాలి. ఇదేం నటన?"

అంతటితో ఊరుకుంటే బాగుండేది. తలమీద కండువా కప్పుకుని, తోటి శిష్యుడి మెడ పట్టుకుని, ఆ రాగం తీసి చూపించాడు. ఆశ్రమమంతా నవ్వింది.

కట్టెల మోపు కిందపడిన చప్పుడైంది. గుమ్మంలో జామ్లీబాయి. ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది. గురువు నిర్మలస్వామి లేచి, చెదిరిన కట్టెలు ఏరసాగారు. సుదర్శనానికి ఆ పూట అన్నం సయించలేదు.

వారం తిరక్కుండానే అతని తండ్రి సంవత్సరీకం వచ్చింది. తండ్రి పోయినప్పుడు సుదర్శనం కంటతడి పెట్టలేదు. శాస్త్రం చదివినవాడంటే అలా ఉండాలని బంధువులు మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడూ మంత్రాలన్నీ తప్పు లేకుండా చెప్పి, అన్నం ముద్ద ఆకులో పెట్టి గోడమీద ఉంచాడు.

కాకి రాలేదు.

వేపచెట్టు మీద రెండు కూర్చున్నాయి. చూస్తున్నాయి, దిగవు. ఎండ నడినెత్తికి వచ్చింది. సుదర్శనం కావుకావుమని పిలిచాడు. "చెల్లి పెళ్లి నేను చేస్తాను నాన్నా" అని మాట ఇచ్చాడు. అయినా దిగలేదు. నాన్నకు తనమీద ఏం కోపముందోనని భయం పట్టుకుంది.

స్వామి కర్ర తీసుకుని బయటికి నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు వెంట జామ్లీబాయి ఉంది.

ఆమె గోడమీద ముద్దను చూసింది. చెట్టుమీద కాకులను చూసింది.

"కాకి తింటే మీ నాయన తిన్నట్టేనా?"

సుదర్శనం తల దించుకుని అవునన్నాడు. నవ్వడం ఇప్పుడు ఆమె వంతు. ఆమె నవ్వలేదు.

"నాయన పేరేంది?"

"కామేశం."

"ఏదంటే పానం ఆయనకు?"

తండ్రికి ప్రాణమేదో అతనికి తెలుసు. "నేనంటే" అన్నాడు.

జామ్లీబాయి ముసుగు ముందుకు లాక్కుంది. అతని మెడ చుట్టూ చేతులు వేసి రాగం ఎత్తుకుంది. మాటలు అతనికి అర్థం కాలేదు. కామేశం అన్న పేరు ఒక్కటే తెలిసింది. అది రెండోసారి వినబడేసరికి సుదర్శనం "నాన్నా" అని బావురుమన్నాడు. ఏడాదిగా రాని ఏడుపంతా వచ్చింది.

చాలాసేపటికి తేరుకుని, కంగారుగా గోడవైపు తిరిగాడు. ఆకు ఖాళీగా ఉంది.

"ఎప్పుడో తినిపోయింది" అన్నారు స్వామి. "లే నాయనా. ముందు ఈ అమ్మకు విస్తరి వెయ్యి."