పాత బట్టల సంచి

అనకాపల్లిలో కనకారావు అనే బెల్లం వ్యాపారి ఉండేవాడు; ఇంట్లో ఏ మంచి జరగబోతున్నా, దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పకపోవడం ఆయన జబ్బు. కొత్త ఫ్రిజ్ కొంటే పాతదే బాగుచేయించామనేవాడు. గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ కట్టుకున్నాక కూడా భయం పోని మనిషి!

ఆయన భార్య విమలకుమారి బాలికల హైస్కూలులో పీటీ టీచరు. ఆవిడ శిష్యురాలు నూకరత్నం ఆ స్కూలు మైదానంలోనే బంతి పట్టడం నేర్చుకుంది. ఇప్పుడు మన దేశపు మహిళల క్రికెట్ జట్టుకు ఎంపికైంది. మొదటి మ్యాచ్ కరేబియన్ సముద్రంలోని బార్బడోస్ ద్వీపంలో. ఎంపికైన రోజే ఆ పిల్ల ఫోన్ చేసింది.

"టీచర్, నా మొదటి బంతి మీరు చూడాలి. మీకూ, బాబాయ్ గారికీ పాసులు పంపిస్తా. రాకపోతే ఊరుకోను!"

విమలకుమారికి ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అంత పెద్ద బహుమతి మరొకటి లేదు. ఫోన్ పెట్టగానే వీధంతా తిరిగి చెప్పాలనుకుంది. కనకారావు తలుపు వేసేశాడు.

"నీకేమైనా పిచ్చా? విమానం ఎక్కేదాకా నోరు మెదపకు."

"పిల్ల ఎంపికైందని చెప్పుకోవడం కూడా తప్పేనా?"

"తప్పు కాదు, దిష్టి. ప్రయాణం సంగతి నాకొదిలెయ్."

ఆవిడ వదిలేసింది. అక్కడే పొరపాటు పడింది.

కనకారావు విశాఖపట్నం వెళ్లి టికెట్లు అమ్మే ఆఫీసులో కూర్చున్నాడు. "మా స్నేహితుడొకడు బార్బడోస్ వెళ్తాడట. ఊరికే కనుక్కుందామని వచ్చాను" అన్నాడు.

కౌంటరులోని అమ్మాయి ఓపికగా అంతా చెప్పింది. ఆ ద్వీపానికి మనవాళ్లకు వీసా అక్కర్లేదు. దారిలో విమానం మారే దేశానికి మాత్రం కావాలి, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి అంది. "మీ స్నేహితుడి పేరు?"

"కనకారావు."

"మీ పేరు సార్?"

"కనకారావే."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని టైపు చేసుకుంది.

వీసాలు వచ్చాయి. టికెట్లు మాత్రం మంగళవారానికే దొరికాయి. మంగళవారం ఇల్లు కదలడం కనకారావుకు ఇష్టం లేదు. దానికి మన పెద్దలు పెట్టిన ఉపాయం ఒకటుంది: పరస్థానం. మంచి ఘడియలో ఒక సంచి తీసుకెళ్లి పక్కవాళ్లింట్లో ఉంచితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ తర్వాత ఏ రోజు బయలుదేరినా దోషం లేదంటారు. అయితే ఆ సంచిలో ప్రయాణానికి ముఖ్యమైనదేదో ఉండాలని ఆయన పట్టు. రెండు జతల బట్టల మధ్య రెండు పాస్‌పోర్టులూ పెట్టాడు.

ఆదివారం ఉదయం ఆ సంచి పట్టుకుని పక్కింటి పాపాయమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఏటి బాబూ, సంచి? ఎక్కడికైనా ఊరెళ్తన్నారా?" అని అడిగింది ఆవిడ.

"అబ్బే, ఊరూ లేదు, గీరూ లేదు. పాత బట్టలు పిన్నీ. ఇంట్లో చోటు లేదు. ఇక్కడ మూలన ఉండనీ."

గమనించండి. పరస్థానం పెట్టే చోటే అబద్ధం పెట్టాడు. ప్రయాణానికి సాయం అడుగుతూ, సాయం చేసే మనిషికే ప్రయాణం లేదన్నాడు.

సోమవారం సాయంత్రం కాలేజీ పిల్లలు వీధిలోకి వచ్చారు. తుపానుకు ఇళ్లు మునిగినవాళ్ల కోసం బట్టలు అడుగుతున్నారు. పాపాయమ్మ తన చీరలు నాలుగు ఇచ్చింది. మూలనున్న సంచి కనిపించింది. "మా కనకారావు బాబుకి ఇంట్లో చోటు లేదట. ఇదీ తీసుకెళ్లండి, పుణ్యం ఆయనకొస్తాది" అని ఇచ్చేసింది.

మంగళవారం ఉదయం ఏడింటికి కనకారావు సంచి కోసం వచ్చాడు. జరిగింది విన్నాడు. ఖాళీ మూలలోకి వంగి వంగి వెతికాడు.

"అందులో ఏటైనా ఉందా బాబూ?" అని పాపాయమ్మ కంగారుగా అడిగింది.

నిజం చెప్పడానికి అదే సమయం. పిల్లలు పోగుచేసిన మూటలన్నీ ఇంకా కాలేజీ హాల్లోనే ఉన్నాయి. తొమ్మిదింటికి గానీ లారీ కదలదు. కానీ అలవాటైన నోరు అలవాటైన మాటే అంది.

"ఏం లేదు పిన్నీ. పాత ఫోటోలేవో రెండున్నాయి."

"ఫోటోలేనా! హడలగొట్టేశావు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి మా వెనక వీధే. మధ్యాహ్నం ఇంటికొస్తాది, కనుక్కుందాం" అని ఆవిడ ఇడ్లీపిండి కలుపుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

కనకారావు ఒక్కడే వెతకడానికి బయలుదేరాడు. ఏ కాలేజీవాళ్లో తెలియదు. అడిగితే ఎందుకని అడుగుతారు. ఈ కాలేజీ గేటు దగ్గర కాసేపు, ఆ కాలేజీ గేటు దగ్గర కాసేపు తచ్చాడి, తొమ్మిది కావస్తుండగా ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. అప్పుడు భార్యకు చెప్పాడు.

విమలకుమారి ఏడవలేదు. ఈల వేసి రెండొందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతు ఆవిడది. వీధి మధ్యకు వెళ్లి నిలబడి చెప్పింది.

"మా నూకరత్నం ఇండియాకి ఆడుతోంది! నేను బార్బడోస్ వెళ్లాలి. మా పాస్‌పోర్టులు నిన్నటి బట్టల్లో పోయాయి. ఎవరైనా సాయం చెయ్యండి!"

వీధి వీధంతా బయటికొచ్చింది. పాపాయమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి వెనక వీధికి పరిగెత్తి, ఆ అమ్మాయి ఇంట్లో అడిగి ఏ కాలేజీయో కనుక్కుంది. ఎదురింటి ఆటో దానంతటదే స్టార్టయినట్టు వచ్చి ఆగింది. పది నిమిషాల్లో హాలు ముందు దిగారు.

హాలు ఖాళీగా ఉంది. లారీ వెళ్లి పావుగంటైంది.

ఆ లారీ శ్రీకాకుళం దాటాక గానీ డ్రైవరు ఫోన్ ఎత్తలేదు. సంచి దొరికింది, పాస్‌పోర్టులు భద్రంగా ఉన్నాయి. కానీ అవి అనకాపల్లి చేరేసరికి సాయంత్రమైంది. మధ్యాహ్నమే విమానం వెళ్లిపోయింది. శనివారం మ్యాచ్‌కి అందేలా మరో దారిలో రెండు సీట్లు కాదు కదా, ఒక్కటి కూడా దొరకలేదు.

"ఫోటోలన్నావు కదయ్యా!" అంది పాపాయమ్మ. "పాస్‌పోర్టులని ఒక్క ముక్క అనుంటే ఏడింటికే లారీకి అడ్డంగా పడుకునేదాన్ని. నాకు చెబితే నీకేటి తగ్గిపోద్ది?"

కనకారావు సంచి చంకన పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆట ముందు పిల్ల మనసు చెదురుతుందని, రాలేకపోతున్న సంగతి విమలకుమారి నూకరత్నానికి చెప్పలేదు. శనివారం వీధంతా పాపాయమ్మ ఇంట్లో టీవీ ముందు చేరింది. నూకరత్నం తన మొదటి ఓవర్లోనే వికెట్ తీసింది. అందరూ కేకలు వేశారు. ఆ పిల్ల మాత్రం గ్యాలరీ వైపు తిరిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎవరికోసమో వెతికింది. విమలకుమారి లేచి వరండాలోకి వెళ్లిపోయింది.

తప్పు చేసింది ఆయన, నష్టపోయింది ఆవిడ. ఇదెక్కడి న్యాయమని అడుగుతారా? అడగాల్సిందే. దాచేవాడు తనొక్కడి బతుకే దాస్తున్నాననుకుంటాడు. పక్కవాళ్ల బతుకు కూడా అదే మూటలో పడి పోతుంది.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం ఫోన్ చేసింది. "టీచర్, ఏమైంది? ఎందుకు రాలేదు?"

కనకారావు పక్కనే నిలబడి, "జ్వరం వచ్చిందని చెప్పు. జ్వరమని చెప్పు" అని గుసగుసలాడాడు.

విమలకుమారి ఆయన వైపు ఒక్క క్షణం చూసింది. ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి" అంది.

కనకారావు ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. "జ్వరం..." అని మొదలుపెట్టి ఆపేశాడు. చివరికి, "జ్వరం కాదమ్మా" అన్నాడు. "మీ టీచర్ తప్పేం లేదు. సాయం చేసేవాళ్ల దగ్గర నేనే అబద్ధమాడాను. నా వల్లే రాలేకపోయింది."

"ఫోన్ టీచర్‌కి ఇవ్వండి బాబాయ్ గారూ" అంది నూకరత్నం. ఆయన ఫోన్ తిరిగి భార్య చేతిలో పెట్టాడు.

నీతి: ఎవరి సాయం కోరుతామో వాళ్ల దగ్గర నిజం దాచకూడదు, దాస్తే సాయం చేసే చేతులే తెలియక మనకు చేటు చేస్తాయి, ఆ చేటు మనకంటే ముందు మనవాళ్లకు తగులుతుంది.