చలేసిన జీపు

అన్యాయం జరిగింది నూకరత్నానికి. జరిగిన రోజు జనవరి ఇరవై రెండు, గురువారం. చేసినవాళ్ళు పగవాళ్ళు కారు. మామ వరహాలు, మొగుడు లోవరాజు, మరిది జోగులు. పగవాళ్ళైతే కాస్త దయ చూపించేవారు.

మన్యంలో మబ్బుగరువు అని ఒక ఊరు. పుష్యమాసం వచ్చిందంటే పొద్దున తొమ్మిదైనా పక్కింటి గోడ కనపడనంత మంచు. ఆ ఊళ్ళో ఈ ఇంటికి ఉన్నవి ఎకరంన్నర క్యాబేజీ, ఒక పాత జీపు, బోలెడంత తెలివి. తెలివి సంగతి వాళ్ళు చెప్పుకుంటేనే తెలిసేది. ఊళ్ళో బుర్ర అనేది తమ ఇంట్లోనే మొదలైందని వరహాలు టీ బడ్డీ దగ్గర రోజూ చెప్పేవాడు. ఎవరూ కాదనేవారు కారు, కాదంటే రుజువులు చూపిస్తాడని భయం. చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివనీ, దానికి సొంత ఆలోచన కలిపినవాడు చెడిపోతాడనీ ఆయన సిద్ధాంతం. కొడుకులిద్దరూ ఆ సిద్ధాంతం మీదే పెరిగారు. ఏపుగానే పెరిగారు.

ఈ మొగుడు తోలితే క్యాబేజీ సంతకి చేరుతుందన్న ఆశ నూకరత్నానికి ఏనాడూ లేదు. అందుకే పుస్తకం కొనుక్కుని, రోడ్డు గుర్తులన్నీ బట్టీపట్టి, ఆరునెలల కిందటే లెర్నింగు లైసెన్సు తెచ్చుకుంది. దాని గడువు జనవరి ఇరవై రెండుతో సరి. అసలు పరీక్ష కూడా ఆ రోజే. సొంత బండి తెచ్చుకోవాలి. ఆ రోజు తప్పితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

పరీక్ష ఇంకా వారం ఉందనగా, సంతకి బయల్దేరుతున్న మొగుడికి ఒక్క మాట చెప్పింది. నేరుగా వెళ్ళండి, ఎక్కడా తిరక్కండి అంది. పెద్దబండ దగ్గర రోడ్డు ఎడమకి తిరిగింది. లోవరాజు తిరగలేదు. పెళ్ళాం వద్దంది కదా. ఇంకేముంది, జీపు తిన్నగా ఊటమడిలోకి దిగింది. నాలుగు చక్రాలూ లాగే జీపు కాబట్టి బురదలో బర్రెలా ఈదుకుంటూ అవతల గట్టెక్కింది. క్యాబేజీ సంతకి చేరింది కానీ ఆ సాయంత్రం నుంచి బండికి వణుకు పట్టుకుంది. స్పీడు ముల్లు నలభై దాటిందంటే చాలు, స్టీరింగు పూనకం వచ్చినదానిలా ఊగిపోయేది.

నూకరత్నం క్యాబేజీ కోతలో మునిగి ఉంది. కింద టౌనులో జీపులు బాగుచేసే మస్తాన్ మేస్త్రీకి ఫోను చేసి, ఆయన చెప్పింది చెయ్యమని మగవాళ్ళకి పురమాయించింది. ఈ కథలో ఆవిడ చేసిన తప్పు అదొక్కటే. అదొక్కటీ చాలింది.

వణికేది స్టీరింగు ఒక్కటేనా, బండి మొత్తమా చూసి చెప్పమన్నాడు మేస్త్రీ. అంతే. ఒక్కదాన్నే చూడాలంటే విడదియ్యాలి కదా అని జోగులు నట్టు విప్పి స్టీరింగు ఊడబెరికాడు. దాన్ని అరుగు మీద పీట వేసి కూర్చోబెట్టి ముగ్గురూ చుట్టూ చేరారు. గంట చూశారు. కదల్లేదు. తప్పు బండిదేననీ, స్టీరింగు బంగారమనీ ఫోనులో చెప్పారు. మళ్ళీ బిగించేటప్పుడు ఒక నట్టు మిగిలింది. దాన్ని మేకపిల్ల మెడలో కడితే బావుంటుందని లోవరాజు అన్నాడు.

ఆ మాట ఇంకా పెట్టెయ్యని ఫోనులోంచి విని మేస్త్రీకి ఒళ్ళు మండింది.

"ఒరే నాయనా, ఒక్కటి చెప్తాను, చచ్చేదాకా గుర్తెట్టుకోండి. బండిలోంచి ఏది తీసినా తీసినచోటే పెట్టాలి. చేతిలో ఒక్క ముక్క మిగిలినా ఆ బండి మీది కాదు, యముడిది."

వరహాలు పైకండువా తీసి చంకలో పెట్టుకుని విన్నాడు. కొడుకులిద్దరి చేతా నేలతల్లి మీద ఒట్టు వేయించాడు. నట్టు దాని చోటికది వెళ్ళింది.

మర్నాడు మళ్ళీ ఫోను. విసిగిపోయిన మేస్త్రీ, మీ కొండ మీద చలికి వణుకుతోందేమో, దుప్పటి కప్పండి అని నవ్వి పెట్టేశాడు. ఇంకేముంది, ఇంట్లో దుప్పట్లన్నీ జీపెక్కాయి. నూకరత్నం పెళ్ళినాటి రగ్గు ఇంజను మీద పరిచారు. దుప్పటి పైపైనే, చలి కాళ్ళలో ఉంటుందని జోగులు కనిపెట్టాడు. వాడి తెలివికి తండ్రి కళ్ళు చెమర్చాయి. నాలుగు చక్రాల పక్కనా నాలుగు కుంపట్లు పెట్టారు. ఊటమడి బురద చక్రాల లోపల గూడు కట్టి ఉందని వాళ్ళకి తెలీదు. రెండు రోజులు కాగేసరికి ఆ బురద ఇటికైంది. అంతకుముందు ఊగిన స్టీరింగు ఇప్పుడు ఎగిరింది.

మూడో ఫోను. ముందు చక్రాలు వెనక్కీ వెనక చక్రాలు ముందుకీ మార్చి నడపండి, వణుకు చేతుల్లోంచి సీటు కిందికి పోతే చక్రాల్లోనే తేడా అన్నట్టు, అని మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. మంచి మాట. తెలిసినవాడు చెప్పే మాట. లోవరాజు జాకీ తేబోయాడు. తండ్రి ఆపి, అంత కష్టం దేనికిరా అన్నాడు. పాకలో తూర్పుకి తిరిగి ఉన్న జీపుని పడమరకి తిప్పించాడు. ముందు చక్రాలు ఇప్పుడు వెనకవైపున్నాయి, వెనకవి ముందున్నాయి. నడిపి చూడమన్నాడు కదా అని వెనక గేరు వేసి వీధంతా నడిపారు. నలభై ఎక్కడొస్తుంది, పది కూడా రాలేదు. వణుకు లేదు. రోగం కుదిరిందనీ, ఇకమీదట జీపు వెనక్కే నడుస్తుందనీ వరహాలు ఊరంతా చాటాడు.

నూకరత్నం చేలోంచి వచ్చేసరికి ఇంటి జీపు వెనకవైపు ముందుగా ఎదురొస్తోంది. ఆవిడ తట్ట దింపింది.

"మావా, దిగండి. మీ అబ్బాయిల్ని కూడా దింపండి. ఇంక ఎవరైనా ఈ బండి మీద చెయ్యేశారంటే ఆ చేతికి రేపట్నించి అన్నం పెట్టను."

కొంగు బిగించి బండి కింద దూరింది. చెయ్యి పెట్టి తడిమితే రోగం దొరికింది. ఎడమ ముందు చక్రంలో ఒకవైపు గుమ్మడికాయంత మట్టిపెళ్ళ, మిగతా మూడింట్లో దాని తోబుట్టువులు. చక్రం ఒకవైపు బరువెక్కి తిరిగితే స్టీరింగు ఊగక ఏం చేస్తుంది? ఉలీ సుత్తీ పట్టి రెండు గంటలు కొట్టి, పెళ్ళలన్నీ గోనెపట్టా మీద పోసింది. అసలు రోడ్డెక్కి నలభై దాకా తోలింది. స్టీరింగు పాలమీద మీగడలా నిలిచింది. అప్పటికి పరీక్ష మర్నాడే. స్నానం చేసి, పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఆరునెలల్లో ఆ సాయంత్రమే ఆవిడ గుండె నిదానంగా కొట్టుకుంది.

బయట గోనెపట్టా చుట్టూ ముగ్గురు మగవాళ్ళు నిలబడ్డారు. పాపం, కోడలు అన్నీ తీసింది, తిరిగి పెట్టడం మర్చిపోయింది. చేతిలో ఒక్క ముక్క మిగిలినా బండి యముడిదన్నాడు మేస్త్రీ. ఇక్కడ చూస్తే తట్టెడు మిగిలింది. తెల్లారితే అమాయకురాలు ఆ బండిలోనే కొండ దిగాలి. అన్నం పోతే పోయింది, వదిన ప్రాణం ముఖ్యమని జోగులు ముక్కు చీదాడు. అంతే. పశువులశాల కట్టగా మిగిలిన సిమెంటు తడిపారు. ఏ చక్రంలోది ఆ చక్రంలోనే, పెళ్ళకి పెళ్ళ అతికించారు. మళ్ళీ ఊడకుండా మీద రెండు తాపీల సిమెంటు మెత్తి నున్నగా తీర్చారు.

పొద్దున మంచులో నలుగురూ ఎక్కితే, లైసెన్సున్నది తనకే కాబట్టి లోవరాజు ఇరవై దాటకుండా కొండ దింపాడు. వణుకు బయటపడలేదు. నూకరత్నం పరీక్ష మైదానంలో ఎనిమిది అంకె చక్కగా తిప్పింది. ఇన్‌స్పెక్టరు మెచ్చుకుని, రోడ్డెక్కించి నలభైలో పోనివ్వమన్నాడు. పోనిచ్చింది. మొదట ఆయన కళ్ళజోడు పోయింది. తర్వాత కాగితాలు పోయాయి. బండి ఆగేసరికి ఆయన సీటులో లేడు, సీటు కింద ఉన్నాడు. లేచి, దిగి, వంగి చక్రంలోకి చూసి, ఈ సిమెంటు పని ఎవరిదని అడిగాడు.

వరహాలు వెనకసీటులోంచి దిగి చేతులు జోడించాడు.

"మేమే బాబూ. తీసింది తీసినచోటే పెట్టాం. ఒక్క రవ్వ మిగిల్తే ఒట్టు."

నూకరత్నం వంగి ఆ సిమెంటు నునుపు తడిమి చూసింది. ఇన్‌స్పెక్టరు జాలిపడ్డాడు కానీ, గడువు జాలితో పెరగదు. మైదానానికి తిరిగొచ్చి కొత్త లెర్నింగు రాయించి, మళ్ళీ పరీక్షకి రోజు వేసి, మగవాళ్ళకేసి వేలు చూపించి గట్టిగా చెప్పాడు: ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం, పొద్దున పది గంటలకి మీరు, మీ బండి ఇక్కడే ఉండాలి.

అంతే. వరహాలు మైదానంలో కండువా పరిచి కూర్చున్నాడు. కొడుకులు చెరోపక్కా కూర్చున్నారు. ఇక్కడే ఉండమన్నాక ఇంటికెళ్ళి మళ్ళీ రావడం తెలివితక్కువ పని. నూకరత్నం వాళ్ళని చూసింది. జీపుని చూసింది. స్టీరింగు నట్టు విప్పింది.

కొండెక్కే బస్సులో ఒడిలో స్టీరింగు పెట్టుకుని ఇంటికెళ్ళింది. దారి పొడుగునా అది ఒక్కసారి కూడా వణకలేదు. ఆ నెల క్యాబేజీ మొత్తం వేళకి సంతకి చేరింది, బస్సు మీద. ఇంట్లో ఒక్క వస్తువూ విరగలేదు.

ఆ ముగ్గురూ చెప్పిన మాట తప్పలేదు. మైదానంలోంచి లేచిన తేదీ ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఉంది: ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం, పొద్దున పది గంటల ఒక్క నిమిషం.