బోర్డు మీద రాయనిది

పరశురామయ్య మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. "చూద్దాం, కూర్చో" అంటారు. అనకాపల్లిలో ఏళ్ల తరబడి సూదుల వైద్యం చేసి చేసి ఆయనకు మాటల మీద ఓపిక పోయిందని శిష్యులు అనుకునేవారు. ఆయన క్లినిక్‌లో పనిచేసే నాకైతే అన్నిటి మీదా పోయి, రోగుల మీద మాత్రమే కాస్త మిగిలిందనిపించేది.

ఆయన దగ్గర ఆక్యుపంక్చర్ నేర్చుకున్న శశిరేఖ నర్సీపట్నంలో సొంత క్లినిక్ పెట్టుకుంటూ, బోర్డు రాయించేముందు ఆయన్ని అడగడానికొచ్చింది. నడుంనొప్పి, మెడనొప్పి, మోకాళ్ల నొప్పులు, పార్శ్వపు తలనొప్పి, నిద్రలేమి, వేవిళ్ల వికారం... అలా చెప్పుకుపోయింది.

"వీటిలో నిజంగా మన సూదికి లొంగేవేవి మాస్టారూ? జనాన్ని మోసం చేశానన్న మాట నాకొద్దు."

"చూద్దాం, కూర్చో" అన్నారాయన.

అంతలో అచ్చియ్యమ్మ వచ్చింది. బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు వాళ్లది. పిండి రుబ్బేదీ, గిన్నెలు తోమేదీ అన్నీ ఆవిడే. మెడ పక్కకు తిరగడం లేదు. ఎక్స్‌రే తీయించిన డాక్టరు ఎముకలో తేడా ఏమీ లేదన్నాడట.

"రేత్రి ఏ పక్కకీ తల ఆనదండి. కన్నంటుకునే లోపే లేచి మళ్లీ పొయ్యి ఎలిగించాల" అంది.

మాస్టారు మెడ కింద దిండు సర్ది ఆమెను ఒక పక్కకు పడుకోబెట్టి, మెడ వెనకా, భుజం మీదా, చేతి వేళ్ల దగ్గరా సన్నని సూదులు గుచ్చారు. కదలకూడదని చెప్పారు. తీసే వేళకు ఆమె గాఢంగా నిద్రపోతోంది. ఆయన ఒక్కొక్క సూదీ నెమ్మదిగా తీసి స్టీలు పళ్లెంలో పెట్టి, దుప్పటి కప్పి, తెర లాగి బయటికొచ్చారు.

కాసేపటికి ఆమె భర్త సన్నిబాబు గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా నిండా నూనె మరకలు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా అవలేదేటండి? సాయంత్రం పునుగులకి పిండి రుబ్బాల. లేపీండి బాబూ."

"సూదులున్నాయయ్యా. సూదులుండగా లేపకూడదు" అన్నారు మాస్టారు.

సన్నిబాబు గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "అయ్యబాబోయ్! అయితే ఉంచీండి" అంటూ చెప్పులు చప్పుడు కాకుండా విడిచి బెంచీ మీద కూర్చున్నాడు.

శశిరేఖకు తెర సందులోంచి పళ్లెంలో సూదులు కనిపిస్తూనే ఉన్నాయి. ఒళ్లు మండింది. మోసం వద్దనే కదా తను ఇంతదూరం వచ్చింది! గురువుగారే కళ్లెదుట అబద్ధమాడారు. విసురుగా తెర తొలగించి లోపలికి వెళ్లింది. అచ్చియ్యమ్మ నోరు కాస్త తెరుచుకుని ఉంది. దుప్పటిలోంచి బయటికొచ్చిన పాదాలు నిద్రలో కూడా నిలబడి ఉన్నట్టే బిగుసుకుని ఉన్నాయి. చూస్తుండగానే అవి మెల్లగా వదులయ్యాయి. శశిరేఖకు ఏడుపొచ్చింది.

బయటికొచ్చేసరికి సన్నిబాబు కూడా గోడకు తల ఆన్చి గురకపెడుతున్నాడు.

"అయితే మాస్టారూ, బోర్డు మీద ముందు అలసట అని రాయించనా?" అని గుసగుసగా అడిగింది.

మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు.

"మెడనొప్పి అనే రాయించమ్మా. అలసట అని రాస్తే ఆవిణ్ణి ఎవరు పంపిస్తారు?"